మైనస్ నలభైకి తట్టుకున్న మొక్క

మొగలిగెడ్డ కొండ మీదికి జాయింట్ డైరెక్టర్ విశ్వేశ్వరం గారు వచ్చింది డిసెంబరు నెలలో ఒక్క పూట. ఆ ఒక్క పూటే మండలానికి చాలింది.

ఆయన ఉద్యాన శాఖలో పెద్ద అధికారి. సముద్రపు ఒడ్డు పట్నంలో, ఫ్యాను కింద, పాతికేళ్లుగా ఫైళ్లు చూసినవారు. ఆ ఉదయం ఏడింటికి జీపు దిగేసరికి పొగమంచులో ఆయన చెయ్యి ఆయనకే కనిపించలేదు. మండల ఉద్యాన అధికారి భానోజీ థర్మామీటరు తీసి చూసి, నాలుగు డిగ్రీలు సార్ అని మనవి చేశాడు. ఆ పక్క పొలం వంతాల చిలకమ్మది. పెద్దాయన పళ్లు టకటకలాడుతుంటే ఆవిడ జాలిపడి నెగడు రాజేసింది. ఇంట్లోంచి కంబళి తెచ్చి ఇచ్చింది. ఆయన కంబళి కప్పుకుని, టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని, కనిపించని కొండల వంక చాలాసేపు చూశారు.

"భానోజీ, ఇది కాశ్మీరమయ్యా," అన్నారు చివరికి. "మన దగ్గర కాశ్మీరం ఉందని మనకే తెలియదు. ఇక్కడ యాపిల్ ఎందుకు లేదు?"

"మధ్యాహ్నానికి పాతిక డిగ్రీలు దాటుతుంది సార్," అన్నాడు భానోజీ.

మధ్యాహ్నం దాకా ఆయన ఉంటే కదా. పదింటికల్లా జీపెక్కి కొండ దిగిపోయారు. వారం తిరక్కుండా 'హిమగిరి ఫలసిరి' అనే పథకం కాగితం మీద పుట్టింది. అందులో మూడో పేరా ఇలా ఉంది: 'పథకము క్రింద సేకరించు యాపిల్ మొక్కలు మైనస్ నలభై డిగ్రీల శీతలమును తట్టుకొనగలవై యుండవలెను. అంతకు తక్కువ తట్టుకొను మొక్కలను ఎట్టి పరిస్థితులలోను అనుమతించరాదు.'

నలభై ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవాళ్లు లేరు. ప్రపంచంలో అన్నిటికన్నా మొండి యాపిల్ చెట్లు మైనస్ నలభైకి కూడా చావవని విశ్వేశ్వరం గారు ఎక్కడో చదివారు. మన రైతుకు రెండో రకం సరుకు ఇవ్వడం ఆయనకు ఇష్టం లేదు. అంతే.

భానోజీకి ముప్పై ఒక్కేళ్లు. వ్యవసాయ కళాశాలలో పండ్లతోటల చదువు మనసు పెట్టి చదివినవాడు. ఉద్యోగంలో చేరి రెండేళ్లవుతోంది, ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. ధైర్యం తెచ్చుకుని పట్నానికి ఫోను చేశాడు.

"సార్, మన కొండ మీద ఎంత చలైనా మూడు డిగ్రీలు. మనకు కావలసింది చలిని తట్టుకునే చెట్టు కాదు సార్. చలి చాలకపోయినా పూసే చెట్టు."

"అంటే చలికి తట్టుకోలేని మొక్కలు కొందామంటావా?"

"అలా కాదు సార్..."

"రేపెప్పుడైనా మైనస్ నలభై వస్తే బాధ్యత ఎవరిది? నీదా, నాదా?"

మైనస్ నలభై వస్తే మొక్కల లెక్క అడగడానికి మండలంలో మనుషులెవరూ మిగలరు సార్ అనే మాట భానోజీ నాలుక చివరిదాకా వచ్చింది. ప్రొబేషన్ గుర్తొచ్చి వెనక్కి వెళ్లిపోయింది.

నర్సరీల ఎంపికకు అతన్నే పంపారు. రెండు పగళ్లు రైలులో, ఒక పగలు బస్సులో ప్రయాణం చేసి హిమాలయాల కింద ఒక లోయలో దేవకీ నేగీ అనే పెద్దావిడ నర్సరీకి చేరాడు. అరవై దాటిన మనిషి. మోకాళ్ల దాకా బురద బూట్లు, నెత్తిన ఉన్ని టోపీ. ఆవిడ అతన్ని కూర్చోబెట్టి మర్యాదలు చేయలేదు. తిన్నగా మొక్కల వరుసల్లోకి తీసుకుపోయింది. శీతాకాలం కనక ఒక్క మొక్కకూ ఆకు లేదు. ఆవిడ ఒక మొక్కను వేళ్లతో సహా పైకి తీసి, అంటు కట్టిన చోట ఉబ్బు చూపించింది. తెల్లటి పిల్లవేళ్లు చూపించింది. బొటనవేలి గోటితో బెరడు కాస్త గీరింది. లోపల పచ్చగా, తడిగా ఉంది.

"మొక్క కొనేటప్పుడు ఆకు చూడొద్దు బాబూ. ఇది చూడు. ఈ పచ్చదనం ఉంటే ప్రాణం ఉన్నట్టు. ఇంతకీ మీ ఊళ్లో చలెంత?"

భానోజీ చెప్పాడు. ఆవిడ ఆలోచించి ఓ మూల వరుసలోకి నడిచింది. "మీకు ఇవి. చలి తక్కువైనా పూస్తాయి. వీటి మధ్య మధ్య ఇవి," అంటూ సన్నటి, ముళ్లముళ్ల మొక్కలు చూపించింది. "క్రాబ్ యాపిల్. కాయ రేగిపండంత ఉంటుంది, పులుపు. తినడానికి కాదు. దీని పుప్పొడి పడితేనే పెద్ద యాపిల్ కాయ పడుతుంది. పదింటికి ఒకటి చొప్పున వెయ్యి. అది లేకపోతే పూత చూసి మురిసిపోవడమే."

భానోజీకి ఆ లోయలో చాలాకాలం తర్వాత తను చదివిన చదువు వినిపించింది. రెండు గంటలు గీరి, వంచి, వేళ్లు చూసి ఎంచుకున్నాడు. యాపిల్ నమూనాలు ఆరు, క్రాబ్ యాపిల్ నమూనాలు రెండు. ఆవిడ వేళ్లకు తడినాచు చుట్టి గోనెలో కట్టింది. చివర్లో అతను సిగ్గుపడుతూ మైనస్ నలభై ధ్రువపత్రం సంగతి ఎత్తాడు.

ఆవిడ టోపీ సర్దుకుంది. "ఈ క్రాబ్ చెట్లు తట్టుకుంటాయేమో. అదీ ఆకు రాలి నిద్రలో ఉన్నప్పుడు. చిగురు వేశాక అంత చలిలో పెడితే ఏ చెట్టయినా చస్తుంది. ఈ యాపిల్‌కి అంత చలి నేను ఎన్నడూ చూపించలేదు. చూడనిదానికి సంతకం ఎలా పెట్టను? అయినా మీ ఊరికి ఆ కాగితంతో పనేమిటి?"

భానోజీ గోనె మూట భుజానికెత్తుకున్నాడు.

పట్నం కార్యాలయంలో అతను ఇంగ్లీషులో రాసిన నివేదికను సూపరింటెండెంట్ గణపతి పట్నాయక్ తెలుగు చేశాడు. ఫైళ్లన్నీ తెలుగులోనే నడవాలని ఆ నెలలోనే ఉత్తర్వు వచ్చింది. పట్నాయక్ నియమాలకు ప్రాణమిచ్చే మనిషి. ఎవరి మీదా ద్వేషం లేదు, ఎవరి మీదా జాలీ లేదు. నిఘంటువు తెరిచి క్రాబ్ అంటే ఏమిటో చూసి, 'పీత యాపిల్' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. రాశాక కలం ఆపాడు.

"సార్, ఇందులో పీత ఉంది," అన్నాడు.

"అది పీత కాదు పట్నాయక్ గారూ. చెట్టు పేరు."

"పేరైనా సరే. పీతలు, రొయ్యలు, చేపలు మత్స్యశాఖ పరిధి. వాళ్ల నిరభ్యంతర పత్రం లేకుండా పీత అనే మాట ఉన్న ఫైలు ముందుకు పోదు సార్. పోతే ఆడిట్‌లో నేను సమాధానం చెప్పుకోవాలి."

ఫైలు వీధి చివరనున్న మత్స్యశాఖకు వెళ్లింది. నడిస్తే నాలుగు నిమిషాల దూరం. మూడు వారాలకు జవాబు వచ్చింది: 'సదరు పీతలు మంచినీటివో ఉప్పునీటివో తెలియజేయవలెను.' భానోజీ స్వయంగా రాశాడు, ఇవి నీటివి కావు, చెట్టుకు కాసేవి అని. ఇంకో నెలకు రెండో జవాబు: 'చెట్టెక్కు పీతలను గూర్చి మా శాఖ వద్ద సమాచారము లేదు. అయిననూ గ్రుడ్లు పెట్టు కాలమున వేట జరుపరాదను షరతుకు లోబడి అభ్యంతరము లేదు.' దాని కింద, ఎవరో మంచి మనసున్న ఉద్యోగి సొంత చేతివ్రాతతో ఒక ముక్క చేర్చాడు: 'మైనస్ నలభై కావలసినచో రొయ్యల ఫ్యాక్టరీలో గలదు.'

ఈ ముక్క చూసి విశ్వేశ్వరం గారి ముఖం వికసించింది. "చూశావా భానోజీ, శాఖల మధ్య సమన్వయం అంటే ఇదీ. నర్సరీవాళ్ల మాట మీద ఆధారపడడం దేనికి? మనమే పరీక్షిద్దాం."

ఇంతలో ఏప్రిల్ వచ్చేసింది. దేవకీ నేగీ ఇచ్చిన ఎనిమిది మొక్కలూ పట్నం ఆఫీసు వరండాలో బకెట్లలో ఉన్నాయి. మొదటి ఉక్కకే అవి నిద్ర లేచి చిగురు పెట్టాయి. భానోజీ ఆఫీసుకు వచ్చిన ప్రతిసారీ వాటికి నీళ్లు పోసి, క్రాబ్ యాపిల్ చిగుళ్లు వేలితో తాకి చూసి వెళ్లేవాడు. వాటిని చూస్తే అతనికి ముద్దొచ్చేది, భయమూ వేసేది.

పోటీకి కనీసం రెండు నర్సరీలు ఉండాలి కనక పట్నాయక్ గోదావరి గట్టున ఉన్న మరో నర్సరీకి ఉత్తరం రాశాడు. దాని యజమాని సత్తిరాజు ఉత్తరానికి ఉత్తరం రాసే రకం కాదు. మర్నాడే మనిషే దిగాడు.

"ఆయ్, యాపిలండి, ఎన్ని కావాలన్నా ఉన్నాయండి," అన్నాడు కుర్చీ అంచున కూర్చుని.

"గోదావరి గట్టు మీద యాపిలా?" అన్నాడు భానోజీ.

"మీరడగాలే గానండి, మా గట్టు మీద లేని మొక్క లేదండి."

"మైనస్ నలభైకి తట్టుకుంటాయని ధ్రువపత్రం ఇవ్వాలి."

"ఇస్తామండి. నలభై చాలాండి? యాభై వేయమంటారా?"

"నలభై చాలు," అన్నాడు పట్నాయక్. "నిబంధనలో నలభయ్యే ఉంది."

సత్తిరాజు అక్కడికక్కడే సంచిలోంచి లెటర్‌హెడ్ తీసి రాసిచ్చాడు. నమూనాగా ఒక కర్ర కూడా ఇచ్చాడు. కర్ర అనే అనాలి. అయిదడుగుల పొడవు, బొటనవేలంత లావు. కింద నాలుగు ఎండు వేళ్లు, పైన రంగు చీటీ, ఆ చీటీ మీద నిగనిగలాడే యాపిల్ బొమ్మ. భానోజీ ఎవరూ చూడకుండా గోటితో గీరాడు. లోపల గోధుమరంగు. ఇంకాస్త లోతుగా గీరాడు. పొడి రాలింది.

పరీక్ష రొయ్యల ఫ్యాక్టరీలో జరిగింది. అక్కడ రొయ్యల్ని క్షణాల్లో రాయిలా గడ్డకట్టించే గది ఒకటి ఉంది. మేనేజరు అడ్డుచెప్పలేదు కానీ, మొక్కలకు కూడా తలకు టోపీ, కాళ్లకు తొడుగు ఉండాలన్నాడు, అది ఎగుమతి నియమం అట. మొక్కలకు కాళ్లూ తలా ఎక్కడివి అనే చర్చ కొంతసేపు నడిచి, కొసలకీ వేళ్లకీ ప్లాస్టిక్ సంచులు కట్టారు. భానోజీ చివరి ప్రయత్నం చేశాడు.

"సార్, చిగురేసిన మొక్కని ఇప్పుడు లోపల పెడితే చచ్చిపోతుంది. చలికాలంలో, ఆకు రాలాక పెట్టాలి సార్."

"చలి ముందుగా చెప్పి వస్తుందా?" అన్నారు విశ్వేశ్వరం గారు.

నలభై ఎనిమిది గంటలయ్యాక తలుపు తీశారు. దేవకీ నేగీ మొక్కలు బయటి గాలి తగలగానే ఉడికించిన బచ్చలికూరలా వాలిపోయాయి. క్రాబ్ యాపిల్ చిగుళ్లు నల్లబడి భానోజీ చేతికి అంటుకున్నాయి. అతను చెయ్యి తుడుచుకోలేదు. సత్తిరాజు కర్ర మాత్రం లోపలికి ఎలా వెళ్లిందో అలాగే బయటికి వచ్చింది. ఆకు వాడలేదు, ఆకు లేదు కనక. చిగురు మాడలేదు. పట్నాయక్ పరీక్షా నిబంధన పైకి చదివాడు: 'పరీక్షకు ముందును, తరువాతను మొక్క యొక్క స్థితిలో ఎట్టి మార్పును ఉండరాదు.' తరువాత కర్ర చుట్టూ తిరిగి చూసి, "మార్పు లేదు సార్," అన్నాడు.

"ఇదీ మొక్కంటే," అన్నారు విశ్వేశ్వరం గారు. ఆయన గొంతులో నిజంగానే గౌరవం ఉంది.

"సార్, ఇది చచ్చిపోయిన మొక్క," అన్నాడు భానోజీ.

"చలికి చచ్చిందా?"

"కాదు సార్. ముందే చచ్చింది."

"అయితే చలి తప్పేమీ లేదు కదా. మనం పరీక్షిస్తున్నది ఏమిటి? మైనస్ నలభై వల్ల మొక్క చనిపోతుందా, పోదా. మైనస్ నలభై వల్ల ఇది చనిపోలేదు."

భానోజీ జేబులోంచి పెన్నుకత్తి తీసి బెరడు చెక్కి చూపించబోయాడు. పట్నాయక్ సున్నితంగా అడ్డుపడ్డాడు. "బెరడు గీరే పరీక్ష నిబంధనల్లో లేదు సార్. పైగా ఎంపికైన నమూనాను గాయపరచడం అవుతుంది."

ఎంపిక కమిటీ అంటే ఈ ముగ్గురే, తీర్మానం మీద మూడు సంతకాలు కావాలి. మూడోది భానోజీది. ప్రొబేషన్ పూర్తికావడానికి ఇంకా తొమ్మిది నెలలుంది. ఇంటి దగ్గర చెల్లెలు నర్సింగ్ చదువుతోంది. అతను సంతకం పెట్టాడు. ఆ రొయ్యల వాసన వేళ్ల నుంచి మూడు రోజులదాకా పోలేదని ఆ తర్వాత ఎప్పుడో ఒక స్నేహితుడితో అన్నాడు.

తొలకరికి మూడు వేల కర్రలు లారీ మీద కొండెక్కాయి. ముప్పై మంది రైతులకు తలా వంద. చిలకమ్మకు అరెకరం పల్లపు భూమి ఉంది, అందులో ఏటా చోళ్లు, అంటే రాగులు, వేసుకుంటుంది. ఆ చోళ్లతోనే ఇద్దరు ఆడపిల్లలు, అత్త, తను ఏడాది పొడవునా అంబలి తాగుతారు. పథకంలో చేరినప్పుడు యాపిలంటే ఏమిటో ఆవిడకు సరిగా తెలియదు. భానోజీ బాబు చెప్పాడు కనక చేరింది. ఆ సంగతి భానోజీకి తెలుసు.

ఆవిడ కట్టలోంచి ఒకటి తీసి విరిచింది. పెళుక్కున విరిగింది.

"బాబూ, ఇవి సచ్చిపోనాయి గదా."

భానోజీ గట్టు మీది గడ్డి వంక చూశాడు. "నాటెయ్యి చిలకమ్మా. పైనుంచి వచ్చినవి."

"పైనుంచొస్తే సచ్చినయి లెగుస్తాయా?" అని అడిగింది. వెటకారం కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అతని మొహం చూసి, పాపం ఈ బాబు మాత్రం ఏటి చేస్తాడులే అనుకుని, వందా నాటింది.

నెలాఖరుకు పట్నాయక్ నివేదిక తయారుచేశాడు. 'నాటిన మొక్కలు: 3000. నాటిన పిమ్మట మరణించినవి: 0.' భానోజీ అది చూసి, ఇదెలా అని అడిగాడు.

"నాటిన తర్వాత ఏదైనా చచ్చిందా సార్?"

"చచ్చినవే నాటాం."

"అదే నేనూ అంటున్నాను. నాటాక ఒక్కటీ చావలేదు."

రాష్ట్రంలో ఏ మొక్కల పథకంలోనూ మరణాలు సున్నా అని ఎన్నడూ రాలేదు. వేపలు చచ్చాయి, కానుగలు చచ్చాయి. చావని మొక్కగా మొగలిగెడ్డ యాపిల్ పెద్ద సమావేశాల్లో మారుమోగింది. పక్క జిల్లాల వాళ్లు సత్తిరాజు చిరునామా అడిగారు.

చిక్కు వచ్చింది చిలకమ్మకు. 'తోట భూమిలో మూడేళ్ల పాటు అన్యపంట నిషేధం' అని పథకం షరతు. వానలు పడుతున్నాయి, చోళ్ల నారు సిద్ధంగా ఉంది, వేయడానికి వీల్లేదు. వేస్తే భూమి పట్టా మీద కేసు నమోదవుతుందని ఊళ్లో చాటింపు వేయించారు. ఆవిడ రెండు కొండలు దిగి మండల ఆఫీసుకు వచ్చింది.

"సచ్చిన కర్రలకి నా బూమెందుకు బాబూ? అయి సచ్చిపోనాయని ఓ కాయితం రాసీయండి. నాను సోళ్లు ఏసుకుంతాను."

ఇదైనా చేయగలనని భానోజీకి ఉత్సాహం వచ్చింది. పొలానికి వెళ్లి వంద కర్రలూ గీరి, వందకు వందా చనిపోయినట్టు మరణ నివేదిక రాసి పంపాడు. జవాబు పదిహేను రోజుల్లో వచ్చింది. దాన్ని విశ్వేశ్వరం గారే స్వయంగా చెప్పి రాయించినట్టు భాషలో తెలుస్తోంది. 'మైనస్ నలభైని జయించిన మొక్క సామాన్య వాతావరణములో మరణించుట శాస్త్రసమ్మతము కాదు. శీతల ప్రాంత వృక్షములు ఆకులు రాల్చి నిద్రావస్థలో నుండుట ప్రకృతి ధర్మము. నిద్రించు మొక్కను మరణించినదిగా నివేదించుట బాధ్యతారాహిత్యము. ఇట్టి నివేదిక పునరావృతమైన ఎడల ప్రొబేషన్ విషయము పునఃపరిశీలింపబడును.'

భానోజీ పట్టు విడవలేదు. సరఫరాదారు ఒప్పుకుంటే చాలునేమోనని సత్తిరాజుకు ఫోను చేశాడు. సత్తిరాజు ఏ మాత్రం తడుముకోలేదు. "చచ్చిపోయినట్టు సర్టిఫికెట్టాండి? ఇస్తామండి. ఎన్ని కాపీలండి?" రెండో ధ్రువపత్రం వచ్చింది. దాన్ని చూసి పట్నాయక్ తల అడ్డంగా ఊపాడు. ఒకే మొక్కకు ఒకే నర్సరీ రెండు ధ్రువపత్రాలు ఇస్తే, మొదట ఫైలుకెక్కినదే చెల్లుతుందట.

ఈ సంగతి చిలకమ్మకు చెప్పడానికి భానోజీకి మొహం చెల్లలేదు. ఆ తర్వాత రెండు నెలలు అతను మొగలిగెడ్డ వైపు వెళ్లలేదు. వెళ్లవలసిన రోజుల్లో వేరే పని పెట్టుకున్నాడు. అక్టోబరులో పథకం ఫొటోలు తీసే వంతు తప్పక, పిరికిగా కొండెక్కాడు.

మలుపు తిరగగానే ఆగిపోయాడు. చిలకమ్మ అరెకరం పచ్చగా ఉంది. కింద మోకాలెత్తు చోడి చేను. ప్రతి కర్రకూ చిక్కుడు పాదు చుట్టుకుని కొస దాకా పాకి, పైన వేలాడుతోంది. అక్కడక్కడ ఊదారంగు పూలు.

చిలకమ్మ చేలోంచి లేచి నిలబడింది. ఎక్కడికీ పారిపోలేదు, ఏదీ దాచలేదు.

"నానే ఏసీనాను బాబూ. మీరు రానేదు. నారు ముదిరిపోతంది. పిల్లలు తినాల గదా. కర్రలు ఉత్తినే ఉన్నాయి, సిక్కుడికి ఆసరా ఉంటాదని గింజెట్టాను." చేతుల మట్టి దులుపుకుని, "కేసెడతారా?" అని అడిగింది.

భానోజీ గట్టు మీద కూర్చున్నాడు. నిబంధన ప్రకారం ఇప్పుడు అతను రాయవలసిన కాగితం ఏమిటో అతనికి తెలుసు. అది రాస్తే ఈ చేను పోతుంది. రాయకపోతే ఫొటోలో చేను కనపడుతుంది, తన ఉద్యోగం పోతుంది. చిలకమ్మ చిన్నకూతురు వచ్చి అతనికి రెండు లేత చిక్కుడుకాయలు ఇచ్చి పోయింది. అతను వాటిని చేతిలో పట్టుకుని, ఒకసారి రొయ్యల ఫ్యాక్టరీలో పెట్టిన సంతకాన్ని తలుచుకున్నాడు. అప్పుడు రాసింది అబద్ధం, దానికి ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు నిజం రాస్తే ఈ ఇంటి అంబలి పోతుంది. సరే, వాళ్ల భాషలోనే రాద్దామనుకున్నాడు.

అక్కడే కూర్చుని రాశాడు: 'శీతల జాతి మొక్కల వేరు మండలమును ఉష్ణతాపము నుండి కాపాడు నిమిత్తము చోడి జాతి తృణముతో జీవ ఆచ్ఛాదనమును, కాండమును ఎండ నుండి కాపాడు నిమిత్తము తీగజాతి హరిత కవచమును ప్రయోగాత్మకముగా ఏర్పాటు చేయడమైనది. రైతు సహకారము ప్రశంసనీయము.' చదివి వినిపించాడు.

"ఏటన్నారు?" అంది చిలకమ్మ.

"చోళ్లు కోసుకోమన్నాను."

ఆ నివేదిక వెళ్లాక భానోజీ రోజూ మెమో కోసం ఎదురు చూశాడు. మెమో రాలేదు. డిసెంబరులో విశ్వేశ్వరం గారే వచ్చారు. ఈసారి ఆయన కోటు, మఫ్లరు, చేతి తొడుగులు తెచ్చుకున్నారు. వెంట పట్నాయక్, ఫొటోలు తీసే మనిషి. పొగమంచులో చిక్కుడు పాదులు గుబురుగా, పూలతో, కాయలతో కనిపిస్తున్నాయి. ఆయన జీపు పక్కనే నిలబడి, కళ్లద్దాలు తుడుచుకుని చూశారు.

"మొదటి ఏడాదే పూత," అన్నారు మెల్లగా. "పట్నాయక్, రాసుకో. సాధారణంగా నాలుగేళ్లు పట్టే పూత మొదటి ఏడాదే."

భానోజీ నోరు విప్పే లోపల చిలకమ్మ ముందుకొచ్చింది. ఆవిడకు అబద్ధం పొసగదు. "అయి సిక్కుళ్లు బాబూ," అంది.

విశ్వేశ్వరం గారు ఆవిడ వంక దయగా చూశారు. పట్నాయక్ వైపు తిరిగారు.

"ఇది కూడా రాసుకో. ఈ ప్రాంత గిరిజనులు యాపిల్‌ను తమ భాషలో సిక్కుడు అంటారు."

పట్నాయక్ రాసుకున్నాడు. నిఘంటువులో లేని మాట కనక కింద గీత గీశాడు. ఒక్క క్షణం అతని కళ్లు భానోజీ కళ్లతో కలిశాయి. కింద గుత్తిగా వేలాడుతున్న చిక్కుడుకాయల్ని అతనూ చూశాడు, ఇంట్లో వారానికి మూడుసార్లు అదే కూర. అయినా పుస్తకం మూసేశాడు. చిలకమ్మ పెట్టిన బుట్టెడు కాయలు మాత్రం జీపులో వెనకసీటు మీద జాగ్రత్తగా పెట్టించాడు.

నివేదికలో హరిత కవచానికి ప్రత్యేక ప్రశంస వచ్చింది. ముప్పై మంది రైతులూ తోటల్లో చోడి ఆచ్ఛాదనా, తీగ కవచమూ తప్పనిసరిగా వేయాలని, వేయనివారి మీద చర్య తీసుకుంటామని ఉత్తర్వు వచ్చింది. ఆ విధంగా మొగలిగెడ్డలో ఎవరి భూమిలో వారు ఎప్పుడూ వేసుకునే పంటనే మళ్లీ వేసుకోవడానికి ప్రభుత్వ అనుమతి దొరికింది. భానోజీ ప్రొబేషన్ పూర్తయినట్టు కాగితం కూడా అదే కవరులో వచ్చింది. అతను దాన్ని రెండుసార్లు చదివాడు. అనుకున్నంత సంతోషం కలగలేదు. నల్లబడిన రెండు చిగుళ్లు అతనికి ఇంకా కళ్ల ముందు కదులుతూనే ఉన్నాయి.

రెండో ఏడు తొలకరి ముందు ముప్పై మంది రైతులూ ఆఫీసుకు వచ్చారు. చిలకమ్మ వాళ్ల తరఫున మాట్లాడింది.

"యాపిలు మొక్కలు గావాల బాబూ."

భానోజీ కుర్చీలోంచి లేచాడు. పథకం పుట్టిన దగ్గరి నుంచి ఒక రైతు తనంత తానుగా వచ్చి ఆ మొక్క కావాలని అడగడం అదే మొదలు.

"నిజంగా యాపిల్ కావాలా చిలకమ్మా? మంచివి తెప్పించే దారి చూస్తాను. పూసేవి, కాసేవి. వాటికి తోడు చిన్న కాయలవి..."

"ఒద్దు బాబూ," అంది ఆవిడ కంగారుగా. "పేనమున్నయి ఒద్దు. నీడ పడిపోతాది, సోళ్లు రావు. ఆ పెద్దబాబు పంపించినయ్యే గావాల. పాతయి సెద పట్టీసినాయి. ఈసారి రవ్వంత పొడుగ్గా ఉంటే బాగుంతాది. పాదుకి ఆసరా ఉంటే సాలు."

వెనక ఇరవై తొమ్మిది మందీ అవునన్నట్టు తలలూపారు. భానోజీ కూర్చున్నాడు. ఒక నవ్వు లోపలే పుట్టి లోపలే పోయింది. ఇండెంటు ఫారం తీసి రాశాడు: యాపిల్ మొక్కలు, మూడు వేలు, మైనస్ నలభైని తట్టుకొనునవి, పొడవు ఏడు అడుగులకు తగ్గరానివి. సరఫరా చేయువారు, పూర్వమువలెనే. చివర ఒక గడి మిగిలింది, 'రైతుకు కలుగు ప్రయోజనము' అని. నిరుటి ఫారంలో ఆ గడిలో పట్నాయక్ పదిహేడు పంక్తులు రాశాడు.

భానోజీ చిలకమ్మ వంక చూసి, అందులో ఒక్క మాట రాశాడు. ఆసరా.